ఆయన ఉత్సవ విగ్రహం కాదమ్మా

చి. శ్రావణికి,
పెదనాన్న ఆశీస్సులు.

జూన్ మొదటి వారంలో మా నార్మండీలోని సేంత్ మేర్ ఎగ్లీజ్ ఊళ్లో, 1944లో జర్మన్ల చేతిలోంచి ఊరు విముక్తమైన రోజు పండగకి దుబాసీ పనికి (మాటలు తర్జుమా చెయ్యడానికి) పేరిచ్చావని, ఆ యుద్ధంలో పోరాడిన ఒక అమెరికన్ వెటరన్‌కి, అంటే మాజీ సైనికుడికి, నాలుగు రోజులు తోడుండాలని నీ ఉత్తరంలో చదివి చాలా సంతోషపడ్డాను. యానాం వాళ్లకి దుబాసీ పని కొత్తేం కాదులే. కానీ "టెన్షన్‌గా ఉంది పెదనాన్నా, యుద్ధం గురించి నాకేం తెలుసు" అని కూడా రాశావు. యుద్ధం సంగతి ఆయనకి తెలుసు. నువ్వు తెలుసుకోవాల్సింది చక్రాల కుర్చీ గురించి, బాత్రూం గురించి, మైకు గురించి. ముప్పై ఏళ్లుగా ఈ పని చేస్తున్నాను కాబట్టి కాస్త వివరంగానే రాస్తాను, ఓపిగ్గా చదువు.

ముందు వయసు లెక్క చూసుకో. 1944లో పద్దెనిమిదేళ్లున్న కుర్రాడికి 2026లో వంద నిండుతాయి. నేను మొదటిసారి వెళ్లింది 1994లో, ఊరి విమోచనకి యాభయ్యో ఏడు. అప్పుడు డెబ్బై దాటిన వెటరన్లు కొందరు మళ్లీ పారాచూట్ కట్టుకుని విమానంలోంచి దూకారు! ఊళ్లో ఎక్కడ చూసినా వాళ్లే, బార్లన్నీ వాళ్ల పాటలే. ఇప్పుడు వేళ్ల మీద లెక్కపెట్టేంత మంది వస్తున్నారు. వచ్చిన ఒక్కాయన చుట్టూ రెండు వందల ఫోన్లు లేస్తాయి. మన ఊళ్లో స్వామి కళ్యాణం అయ్యాక ఉత్సవ విగ్రహాన్ని పల్లకీలో తిప్పుతారు చూడు, అచ్చం అలాగే తిప్పుతారు ఆ పెద్దాయన్ని. విగ్రహానికి ఆకలెయ్యదు, చలెయ్యదు, ఒంటికి పోవాల్సిన పని ఉండదు. ఈయనకి అన్నీ ఉంటాయి. ఆ నాలుగు రోజులూ ఈ తేడా గుర్తుపెట్టుకోవడమే నీ పని.

పొద్దున్న హోటల్ దగ్గర కలవగానే ఆయన వెంట వచ్చిన కొడుకునో మనవరాలినో పక్కకి పిలిచి మూడు సంగతులు అడుగు: మందులు ఎన్నింటికి, ఏ చెవి బాగా వినిపిస్తుంది, ఎంతసేపటికోసారి బాత్రూంకి తీసుకెళ్లాలి. సభ ఎక్కడున్నా దగ్గర్లో బాత్రూం ఎక్కడుందో ముందురోజే చూసిపెట్టుకో. ఊరికి దగ్గర్లో, ఆనాడు యుద్ధం జరిగిన లా ఫియేర్ వంతెన దగ్గర సభ గడ్డి నేలమీద జరుగుతుంది. వాన పడిందంటే కుర్చీ చక్రాలు కూరుకుపోతాయి. పండగకి ఆనాటి సైనికుల వేషం కట్టిన కుర్రాళ్లు నలుగుర్ని ముందే మాట్లాడి పెట్టుకో, ఎత్తి దాటిస్తారు. ఒక ఉన్ని దుప్పటి దగ్గరుంచుకో. నార్మండీ జూన్ మన జూన్ కాదు, అర్ధగంటలో ఎండ, వాన, ఈదురుగాలి మూడూ చూపిస్తుంది. మంత్రులు, జనరళ్లు ఉపన్యాసాలు సాగదీస్తారు. ఆయన తల వాలిపోతుంటే ఎవరి మొహమూ చూడకు, కుర్చీ తిప్పి బయటికి తీసుకొచ్చెయ్. ఎవరైనా ఏమన్నా అంటే నా పేరు చెప్పు.

ఇక దుబాసీ పని. 1994లో నేను చేసిన తప్పు చెబుతాను. జనంలోంచి ఒకాయన లేచి "మీరు ఎంతమందిని చంపారు?" అని అడిగాడు. నేను ఇంగ్లిష్ టీచర్ని కదా, అక్షరం పొల్లుపోకుండా తర్జుమా చేసి పెట్టాను. ఆ పెద్దాయన నా మొహం వంక చూసి, మంచినీళ్లు అడిగి తాగి, వెళ్లి బస్సులో కూర్చున్నాడు. తర్వాత రెండు రోజులు నాతో మాట్లాడలేదు. ప్రశ్న అడిగినవాడి మీద కాదు ఆయన కోపం, నోరు నాది కదా. అప్పట్నుంచి కొన్ని ప్రశ్నలు నేనే మింగేస్తాను. నువ్వూ మింగు. దాని బదులు "దూకే ముందు ఏం తిన్నారు?", "మీ పక్కన కూర్చున్నది ఎవరు?" అని అడుగు. ఆ పక్కన కూర్చున్నవాడి పేరు చెప్పగానే ఆయన ఆగిపోవచ్చు. ఆగితే నువ్వూ ఆగు, ఖాళీని మాటలతో నింపకు. తర్జుమా చేసేటప్పుడు "ఆయన అంటున్నారు" అనకు, "నేను" అనే చెప్పు. ఏటా చెప్పే కథే మళ్లీ చెబితే కొత్తగా విన్నట్టే విను, తేదీలు తప్పు చెప్పినా దిద్దకు.

తేదీల మాట వచ్చింది కాబట్టి ఊరి కథ కాస్త తెలిసుండాలి. 1944 జూన్ 5 అర్ధరాత్రి దాటేసరికి చర్చి ఎదుట ఒక ఇల్లు తగలబడుతోంది. చర్చి గంట మోగించారు. జర్మన్ సైనికులు తుపాకులు పట్టుకుని కాపలా ఉంటే, ఊరివాళ్లు వరసగా నిలబడి బకెట్లతో నీళ్లు అందించుకుంటున్నారు. ఆ మంటల వెలుగులోకే అమెరికన్ పారాచూట్ సైనికులు దిగారు. కొందరు చెట్లకి చిక్కుకుని అక్కడే ప్రాణాలు పోగొట్టుకున్నారు. జాన్ స్టీల్ అనే ఆయన పారాచూట్ చర్చి గోపురానికి చిక్కుకుంది. కాలికి గాయం, కింద కాల్పులు. చచ్చినవాడిలా దాదాపు రెండు గంటలు వేలాడి, చివరికి జర్మన్లకి దొరికి, తర్వాత తప్పించుకున్నాడు. ఇప్పుడు గోపురానికి వేలాడుతున్నది బొమ్మ. తెల్లవారకముందే ఊరు అమెరికన్ల చేతికొచ్చింది. 82వ ఎయిర్‌బోర్న్ డివిజన్ (పారాచూట్ సైనికుల దళం) వాళ్లు మునిసిపాలిటీ దగ్గర జెండా ఎగరేశారు. పండగ 6న చేస్తారు గానీ, జర్మన్లు ఎదురుదాడి చేస్తూనే ఉన్నారు. 7వ తేదీన, అమెరికన్ సైన్యం సముద్రం మీంచి దిగిన యూటా బీచ్ వైపు నుంచి ట్యాంకులు వచ్చాకే ఊరు ఊపిరి పీల్చుకుంది. ఆ తగలబడిన ఇంటి చోటే ఇప్పుడు ఎయిర్‌బోర్న్ మ్యూజియం ఉంది. తీరిక దొరికితే చర్చి లోపల రంగుటద్దాల కిటికీ చూడు, మరియమాత చుట్టూ పారాచూట్లు ఉంటాయి.

వేషం కట్టేవాళ్ల గురించి నీకు అనుమానంగా ఉందని రాశావు. నాకూ మొదట్లో ఉండేది. పొట్టలు వేలాడే యాభై ఏళ్లవాళ్లు పంతొమ్మిదేళ్ల సైనికుల బట్టలు వేసుకుని తిరుగుతుంటే నవ్వొచ్చేది. తర్వాత తెలిసింది, వాళ్లలో చాలామందికి ఆ జీపు ఏ ఫ్యాక్టరీలో తయారైందో, ఆ బూటు లేసు ఎలా కట్టేవాళ్లో కూడా తెలుసు. సెలవులన్నీ దీనికే ఖర్చుపెడతారు. వెటరన్లలో కొందరికి జీపు ఎక్కితే మొహం వెలిగిపోతుంది, కొందరు ఆ బట్టలు చూడలేక తల తిప్పుకుంటారు. మీ పెద్దాయన ఏ రకమో ముందే అడిగి తెలుసుకో. ఆయన ఎదుట ఎవర్నీ నేలమీద పడి చచ్చినట్టు నటించనివ్వకు. ఉత్తుత్తి తూటాలు పేల్చే కార్యక్రమం ఉంటే ఎన్నింటికో చెప్పి ఉంచు. పాత విమానాలు తక్కువ ఎత్తులో వచ్చేటప్పుడూ అంతే. పిల్లలు కొనుక్కుని టిక్కుటిక్కుమనిపించే ఇత్తడి బొమ్మలు ఉంటాయి. చీకట్లో మనవాడో కాదో తెలుసుకోడానికి పారాచూట్ సైనికులు వాడినవి, ఒక టిక్కుకి రెండు టిక్కులు జవాబు. నాలుగు రోజులు వింటే నీకే తలనొప్పి వస్తుంది, వందేళ్లాయనకి రాదా?

నాజీ యూనిఫాంలు, గుర్తులు బహిరంగంగా వేసుకోవడం ఇక్కడ చట్టం ప్రకారం నేరం. సినిమాకి, నాటకానికి, చరిత్ర ప్రదర్శనకి మాత్రం మినహాయింపు. అలాంటివాడు కనిపిస్తే నువ్వు గొడవ పడకు, నిర్వాహకులకి చెప్పు చాలు. సంపాదించని పతకాలు ఛాతీమీద పెట్టుకున్నవాణ్ణి మాత్రం ఆ పెద్దాయన పక్కన ఫోటోకి నిలబడనివ్వకు. అది నా పట్టుదల అనుకో.

అందరూ మర్చిపోయే సంగతి ఒకటుంది. ఊళ్లో ఆనాటి పిల్లలు ఇంకా ఉన్నారు, తొంభై దగ్గర పడ్డ ముసలమ్మలు. పారాచూట్ గుడ్డతో, చర్చిలో పిల్లలకి జరిగే మొదటి కమ్యూనియన్ వేడుక గౌను కుట్టించుకున్నవాళ్లు ఉన్నారు. అన్నని, అమ్మని పోగొట్టుకున్నవాళ్లూ ఉన్నారు. నార్మండీలో ఆ వేసవిలో సుమారు 20,000 మంది మామూలు జనం చనిపోయారు. ఎక్కువమంది విడిపించడానికి వచ్చిన మిత్రదేశాల బాంబులకే. సేన్-లో అనే పట్నం దాదాపు మొత్తం కూలిపోయింది. ఈ ముసలమ్మలు వెనక వరసలో ప్లాస్టిక్ కుర్చీల్లో కూర్చుంటారు, వాళ్లని ఎవరూ ఫోటో తీయరు. నీకు వీలైతే ఒకామెని తీసుకొచ్చి మీ పెద్దాయన పక్కన కూర్చోబెట్టు. ఆయనకి ఫ్రెంచి రాదు, ఆమెకి ఇంగ్లిష్ రాదు. నువ్వు మధ్యలో కూర్చో. ముప్పై ఏళ్లలో నేను చూసిన మంచి క్షణాలన్నీ అలాంటి చోటే, సభ అయిపోయి మైకులు కట్టేశాక.

ఆనాటి మేయర్ భార్య సిమోన్ రెనో ఈ ఊళ్లోనే సైనికుల సమాధుల మీద పూలుంచి, అమెరికాలో వాళ్ల తల్లులకి ఉత్తరాలు రాసేది. సమాధులు తర్వాత ఇక్కణ్ణుంచి తరలించారు. కొందర్ని స్వదేశానికి, మిగిలినవాళ్లని కోల్‌విల్‌లోని అమెరికన్ శ్మశానానికి. ఆమె ఉత్తరాలు మాత్రం ఆగలేదు. వేషాలూ జీపులూ తర్వాత వచ్చాయి, ఊరు గుర్తుపెట్టుకోవడం ఆమె పూలతో మొదలైంది.

విమోచన రోజు అనగానే నాకు మన యానాం గుర్తొస్తుంది. ఫ్రాన్స్ యానాంని చట్టప్రకారం మన దేశానికి అప్పగించిన 1962 ఆగస్టు 16న నాకు పదేళ్లు. జెండా వందనంలో మా నాన్న కళ్లు తుడుచుకోవడం చూశాను. సంతోషమో దిగులో అడగలేదు. తర్వాత మా నాన్న ఫ్రెంచి పౌరసత్వం ఎంచుకున్నాడు, మీ తాత మాత్రం యానాంలోనే ఉండిపోయాడు. అడిగి ఉండాల్సింది.

కాన్ నుంచి షెర్బూర్ వెళ్లే రైలెక్కి కారంతాన్‌లో దిగు, కారు తీసుకుని వస్తాను. మడమల చెప్పులు వద్దు, రబ్బరు బూట్లు మీ పెద్దమ్మవి ఉన్నాయి. చివరి రోజు పెద్దాయన్ని బస్సెక్కించేటప్పుడు "వచ్చే ఏడు కలుద్దాం" అనకు, చెయ్యి పట్టుకుని కాసేపు ఉండు. అన్నట్టు, మీ అమ్మ పంపిన కందిపొడి అయిపోకముందే ఒక సీసా తీసుకురా.

ఇట్లు,
పెదనాన్న