మా చిన్న బాపు ఏడ్చాడు, మా బాపు ఏడవలేదు

ప్రశ్న ఇది: "కొందరు ఎంత కష్టం వచ్చినా నిబ్బరంగా ఆలోచిస్తారు, కొందరు చిన్నదానికే ఎమోషనల్ అయిపోయి టెన్షన్ పడతారు. ఇది పర్సనాలిటీ టైపు వల్లేనా? ఎమోషనల్ టైపు వాళ్లు మారాలంటే ఏం చేయాలి?"

రెండో ముక్క చదివాక రాయకుండా ఉండలేకపోయాను. మారాల్సింది ఎమోషనల్ వాళ్లే అని ముందే తేల్చేశారు. మా ఇంట్లో ఒక తల్లి కడుపున పుట్టి, ఒకే చేలో పనిచేసిన ఇద్దరు అన్నదమ్ములను, మా నాన్న అంటే బాపును, ఆయన తమ్ముడు చిన్న బాపును, నేను పుట్టినప్పటి నుంచి చూస్తున్నాను. నాకు తెలిసింది దీనికి పూర్తిగా తిరగేసి ఉంది.

మాది వరంగల్ జిల్లా నర్సంపేట అవతల ఒక పల్లె. నేను డిగ్రీ రెండో సంవత్సరంలో ఉన్నప్పుడు బాపు, చిన్న బాపు ఉమ్మడిగా రెండున్నర ఎకరాల్లో తేజ రకం మిర్చి వేశారు. మార్చి నెల. ఏరిన కాయంతా కల్లంలో ఆరుతోంది. ఇంకో రెండు ఎండలు కొడితే బస్తాలకెత్తి వరంగల్ ఎనుమాముల మార్కెట్‌కు తోలాలి. రోజూ పొద్దుగూకే వేళకు బాపు పిడికెడు కాయ తీసి చెవి దగ్గర పెట్టుకుని ఊపేవాడు. లోపల గింజ గలగలమంటే ఎండినట్టు. ఆ సాయంత్రం నా చెవి దగ్గర కూడా ఊపి వినిపించాడు.

రాత్రి పదకొండు దాటాక గాలి లేచింది. మేం కల్లం చేరేసరికే చినుకులు. రెండు టార్పాలిన్లు కప్పేలోపు మూడోది ఎగిరి పక్క చేలో పడింది. చిన్న బాపు దాని వెంట ఉరికాడు, బురదలో పడ్డాడు, లేచాడు. "అయ్యో దేవుడా, నా కాయ పాయె, నా పిల్లల నోట్లె మన్ను గొడితివి గదా" అని ఆకాశం చూసి గొంతు చించుకుని ఏడుస్తూనే ఉన్నాడు, చేతులు మాత్రం పనిచేస్తూనే ఉన్నాయి. ఇది అందరూ మరిచిపోయిన సంగతి. ఏడుస్తూనే ఆ రాత్రి అందరికంటే ఎక్కువ కాయ కుప్ప చేసింది ఆయనే.

బాపు గొంతు లేవలేదు. "అటు కాదు, గట్టు దిక్కు కుప్ప చెయ్. బిడ్డా, టార్చ్ కింద పెట్టు, ఆ కొస పట్టు." అంతే. ఎక్కడ ఏం చేయాలో ఒక్కొక్కటే చెప్పుకుంటూ పోయాడు.

అరగంటలో వాన ఆగింది. చిన్న బాపు ఏడుపు విని చుట్టుపక్కల కల్లాల నుంచి నలుగురు వచ్చారు. ఒకాయన తన టార్పాలిన్ ఇచ్చాడు, ఇంకొకాయన తడిసిన కాయ ఆరబోసుకోమని తన ఇంటి స్లాబు ఇస్తానన్నాడు. ఎవరో చాయ్ పోసుకొచ్చారు. చిన్న బాపు తాగాడు, వాళ్లతో మాట్లాడాడు, మళ్లీ ఏడ్చాడు.

తెల్లవారుతుంటే బాపు కుప్పలోంచి పిడికెడు కాయ తీసి చెవి దగ్గర ఊపాడు. చప్పుడు లేదు. ఇంకోసారి ఊపాడు. తర్వాత దాన్ని కింద వేయకుండా పిడికిట్లో అట్లాగే నలిపాడు. మిర్చి సీజన్లో మా ఇళ్లల్లో ఎవరూ చేత్తో కళ్లు తుడుచుకోరు, మండి చచ్చిపోతాం. భుజానికి రుద్దుకుంటాం. బాపు ముఖం తిప్పి కళ్లు భుజానికి రుద్దుకున్నాడు. చెమట అనుకున్నాను. మార్చి తెల్లవారుజామున, వాన వెలిసిన చల్లగాలిలో చెమట ఎక్కడిదని ఆ వయసులో నాకు తట్టలేదు.

చిన్న బాపు మధ్యాహ్నం అన్నం తిని సాయంత్రం దాకా నిద్రపోయాడు. మర్నాడు లేచి, మార్కెట్లో కాయ అమ్మిపెట్టే అడ్తిదారుకు ఫోన్ చేసి తడిసిన కాయ గురించి మాట్లాడుకున్నాడు. బాపు నెలన్నర పాటు సగం అన్నం వదిలేశాడు, తెల్లారుజామున మూడింటికే లేచి వాకిట్లో కూర్చునేవాడు. రంగు పోయినదీ, పాడైన తాలు కాయా వేరు చేసి అమ్మితే, మేలు కాయకు మార్కెట్లో పలికే జెండా పాట ధరకు మా ధర దరిదాపుల్లో లేదు. ఆ మాట కూడా ఇంట్లో చిన్న బాపే చెప్పాడు. ఊళ్లో మాత్రం తీర్పు అయిపోయింది. "పెద్దోడు గుండె ధైర్యం ఉన్నోడు, చిన్నోడు ఆడదాని లెక్క ఏడ్సిండు." ఆడవాళ్ల లెక్క అనడం ఇంకో రోగం. ఆ రాత్రి అవ్వ, అంటే మా అమ్మ, కూడా మాతోనే తడిసింది, ఆమె ఏడవనూ లేదు, ఆమెను ఎవరూ మెచ్చుకోనూ లేదు.

మరుసటి ఎండాకాలం ఊళ్లో వైద్య శిబిరం పెడితే బాపు బీపీ 180/110 వచ్చింది. ఏడాదిగా తలనొప్పి ఉందట, ఎవరికీ చెప్పలేదు. ఆ వాన రాత్రే దీన్ని తెచ్చిందని నేనంటాను. డాక్టర్ అట్లా అనలేదు, నేను అంటున్నాను.

ఊరికే కూడా అనడం లేదు. 1990లలో అమెరికాలో జేమ్స్ గ్రాస్, రాబర్ట్ లెవెన్సన్ అనే ఇద్దరు పరిశోధకులు మనసును కలచివేసే దృశ్యాలు కొందరికి చూపించారు. వాళ్లలో కొందరికి మీ ముఖంలో ఏమీ కనపడనివ్వొద్దని చెప్పారు. ముఖంలో దాచగలిగారు. కానీ ఒళ్లు దాచలేదు. చేతి చర్మంలో చెమట, రక్తనాళాల బిగువు మామూలుగా చూసినవాళ్ల కంటే పెరిగాయి. అంటే కూల్‌గా కనపడటం వేరు, కూల్‌గా ఉండటం వేరు. మనం ముఖం చూసి టైపు రాసేస్తున్నాం.

ఇక టైపుల సంగతి. నేనిప్పుడు హనుమకొండలో ఉద్యోగం చేస్తున్నాను. మొదటి నెలలోనే ట్రైనింగ్ పేరుతో, మనిషి స్వభావాన్ని నాలుగు అక్షరాల్లో చెప్పే టెస్ట్ ఒకటి పెట్టి, నేను 'ఫీలింగ్' టైపు అని తేల్చారు. అప్పటి నుంచి లెక్కల పని వచ్చిందంటే "మీరు ఫీలింగ్ కదా మేడమ్" అని పక్కనోళ్లకు ఇచ్చేవారు. ఎమ్మెస్సీ మ్యాథ్స్ చేసినదాన్ని. ఈ టైపుల మూలం స్విట్జర్లాండ్‌కు చెందిన కార్ల్ యుంగ్ 1921లో రాసిన సిద్ధాంతం. అమెరికాలో కాథరిన్ బ్రిగ్స్, ఆమె కూతురు ఇసాబెల్ మైయర్స్ దాన్ని పట్టుకుని 16 టైపుల పరీక్షగా మార్చారు. ఇద్దరిలో ఎవరూ మనస్తత్వ శాస్త్రం చదువుకున్నవారు కాదు. అసలు యుంగ్ ఏమన్నాడు? ఆలోచన (థింకింగ్), అనుభూతి (ఫీలింగ్) రెండూ వివేకంతో తూచి నిర్ణయం చేసే పద్ధతులే అన్నాడు. ఫీలింగ్ అంటే బుర్ర పనిచేయకపోవడం అని ఆయన ఎక్కడా అనలేదు. పైగా అదే టెస్ట్ కొన్ని వారాల తర్వాత మళ్లీ రాస్తే చాలామందికి వేరే టైపు వస్తుంది. నాకూ వచ్చింది, కానీ ఆఫీసు ఫైల్లో పాతదే ఉంది.

ఎడమ మెదడు వాళ్లు లెక్కలు, కుడి మెదడు వాళ్లు భావాలు అని వాట్సాప్‌లో తిరిగేది కూడా అంతే. 2013లో వెయ్యిమందికి పైగా మెదడు స్కాన్లు చూసిన యూటా విశ్వవిద్యాలయం వాళ్లకు అలాంటి రెండు రకాల మనుషులు దొరకలేదు.

పుట్టుక పాత్ర లేదని నేననను. కవలల మీద జరిగిన పరిశోధనల ప్రకారం తొందరగా ఆందోళన పడటం లాంటి గుణాల్లో మనిషికీ మనిషికీ ఉన్న తేడాలో దాదాపు సగం పుట్టుకతో వచ్చేదే. కానీ అది ఒకరికి కొంచెం ఎక్కువ, ఒకరికి కొంచెం తక్కువ, అంతే. ఇటు థింకింగ్ అటు ఫీలింగ్ అని మధ్యలో గోడ కట్టే వీలు లేదు. మా బాపు కుప్పలు చేయించడం సమస్యను పట్టుకోవడం, చిన్న బాపు ఏడవడం మనసును పట్టుకోవడం. మనిషికి రెండూ కావాలి. చిన్న బాపు రెండూ చేశాడు. బాపు ఒకటే చేశాడు. నా లెక్కలో బలహీనత అక్కడుంది.

మిర్చి, పత్తి చేతికి రాని ఏడాది మా వైపు పల్లెల్లో ఎవరైనా పురుగుల మందు తాగారని తెలిసి పరుగెత్తితే, ఇంటివాళ్లు అనే మాట ఒక్కటే. "రాత్రి గూడా మంచిగనే మాట్లాడిండు." అప్పటిదాకా ఆ మనిషిని ఊరంతా గుండె ధైర్యం ఉన్నోడు అనే ఉంటుంది. అందుకే ఏడ్చేవాళ్లను మార్చాలనే మాట వింటే నాకు భయం వేస్తుంది. ఇంట్లో నోరు తెరవని మనిషి ఉంటే 14416 నంబరు రాసి గోడకు అంటించండి. అది టెలి మానస్, మనసు బాధ చెప్పుకోవడానికి ప్రభుత్వం పెట్టిన ఫోన్ సాయం, తెలుగులో మాట్లాడతారు.

పోయిన సంక్రాంతికి బాపును అడిగాను, ఆ రాత్రి భయం కాలేదా అని. చాలాసేపు బీడీ తిప్పుకుంటూ కూర్చున్నాడు. "భయం గాదా బిడ్డా. వాడు ఏడుస్తుంటె నాకు జర నెమ్మదైంది. నా వంతు గూడ వాడే ఏడుస్తుండు అనుకున్న."

ఇప్పుడు ఫోన్ చేసినప్పుడు ఎట్లున్నవ్ అని అడగడం మానేశాను, మంచిగనే ఉన్న అంటాడు. రాత్రి ఎన్నింటికి మెలకువ వచ్చింది, అన్నం మొత్తం తిన్నవా అని అడుగుతాను. వాటికి అబద్ధం చెప్పడం ఆయనకు రాదు. ఈసారి మూడెకరాలు వేశారు. నిన్న అడిగితే మూడింటికే లేచానన్నాడు. ఆదివారం ఊరికి పోతున్నాను.