ఆల్మాటీలో రోజంతా మంచు పడుతుంటే దంపతులు ఎక్కడ తిరగొచ్చు?

మీరు అడిగింది ఇది: జనవరిలో కొత్తగా పెళ్లయిన భార్యాభర్తలిద్దరూ కజకిస్తాన్‌లోని ఆల్మాటీ వెళ్తున్నారు, ఊరు చూడ్డానికి ఒక్క రోజే ఉంది, ఆ రోజంతా మంచు కురుస్తుందని ఫోన్ చెబుతోంది. షింబులాక్ కొండ మీదికి వెళ్లాలా, ఊళ్లోనే తిరగాలా? పైగా మీ ఇద్దరిలో ఒకరు శాకాహారి.

నేనూ మా వారూ సరిగ్గా అలాంటి రోజునే అక్కడ ఉన్నాం కాబట్టి చెబుతున్నాను. ఊళ్లోనే ఉండండి. మంచు పడుతున్న రోజు ఊరిది, ఆగిన మర్నాడు కొండది. మనవాళ్లు చాలామంది దీన్ని తిరగేస్తారు. మంచు అనగానే కొండెక్కెయ్యాలని తొందర. మా హోటల్లోనే దిగిన హైదరాబాద్ జంట ఒకరు ఆ రోజే పైకి వెళ్లారు. మేఘంలో చుట్టూ తెలుపు తప్ప ఏమీ కనబడలేదని, గాలి ఎక్కువగా ఉందని పై స్థాయి లిఫ్టులు కూడా ఆపేశారని సాయంత్రం లాబీలో కూర్చుని బాధపడ్డారు. రోప్‌వే బాగానే నడుస్తుంది. కింద ఐస్ రింక్ ఉన్న మెదేవు నుంచి పైన షింబులాక్ దాకా నాలుగున్నర కిలోమీటర్లు. కానీ అంత దూరం కిటికీ అద్దం చూస్తూ కూర్చోవడానికి డబ్బులెందుకు?

ఇంకో కారణం గాలి. శీతాకాలంలో ఆల్మాటీ గాలి మంచిది కాదు. బొగ్గు పొగంతా కొండల కింద గిన్నెలాంటి చోట పేరుకుపోతుంది. గాలి కదలని పొడి రోజుల్లో గొంతు మండుతుంది. మంచు పడ్డప్పుడే ఆ మురికి కొంత కిందికి దిగుతుంది. అంటే ఊరంతా కాలినడకన తిరగడానికి ఆ వారంలో అదే మంచి రోజు కావచ్చు.

బయల్దేరే ముందు రెండు విషయాలు. ఈ ఊరికి దక్షిణాన కొండలున్నాయి, ఊరంతా వాటి నుంచి ఉత్తరానికి వాలుగా ఉంటుంది. స్థానికులు దారి చెప్పేటప్పుడు పైకి, కిందికి అనే చెబుతారు. మంచు రోజు కొండలు కనబడవు కాబట్టి మీ కాళ్లను నమ్ముకోండి. ఆయాసం వస్తుంటే దక్షిణానికి వెళ్తున్నట్టే. రెండోది, రోడ్ల పక్కన కొండ నీళ్లు పారడానికి కట్టిన కాలవలుంటాయి, అరీకులు అంటారు. మంచు వాటిని పూడ్చి నేలతో సమానం చేసేస్తుంది. ఫోటో కోసం రోడ్డు వారకి జరిగారా, మోకాలి దాకా దిగబడతారు. ఇద్దరూ చెయ్యి చెయ్యి పట్టుకుని నడవండి. కొత్త జంట కదా, ఎవరూ ఏమీ అనుకోరు.

పొద్దున్న పన్‌ఫిలోవ్ పార్కుతో మొదలుపెట్టండి. మధ్యలో పసుపు, ఎరుపు, తెలుపు రంగుల్లో ఒక పెద్ద చర్చి ఉంటుంది. మామూలు రోజు ఆ రంగులు కాస్త ఎక్కువయ్యాయేమో అనిపిస్తాయి. చుట్టూ అంతా తెల్లబడ్డాక చూస్తే, ఈ రంగులు వేసినవాళ్లు చలికాలాన్ని మనసులో పెట్టుకునే వేశారా అనిపించింది నాకు. 1907లో పూర్తయింది, కట్టించిన ఇంజనీరు ఆంద్రే జెంకోవ్. మొత్తం చెక్క, దగ్గర దగ్గర 56 మీటర్ల ఎత్తు. 1887 భూకంపంలో ఇక్కడి ఇటుక భవనాలు దాదాపు అన్నీ కూలిపోవడంతో, ఆ తర్వాత చెక్కను నమ్ముకున్నారు. ఆ నమ్మకానికి పరీక్ష 1911 జనవరిలో వచ్చింది. ఇంకా పెద్ద భూకంపం. చర్చి ఊగింది కానీ పడలేదు. ఒక్క మేకు కూడా కొట్టకుండా కట్టారని గైడ్లు గొప్పగా చెబుతారు, నమ్మకండి, లోపల ఇనుప బోల్టులున్నాయి. ఉంటే మాత్రం తక్కువేమైంది? సోవియట్ కాలంలో దీన్ని మ్యూజియం చేశారు, 1995లో తిరిగి చర్చికి ఇచ్చారు. లోపలికి వెళ్లేటప్పుడు ఆడవాళ్లు తలమీద స్కార్ఫ్ వేసుకోవాలి. చలికి ఎలాగూ వేసుకునే ఉంటారు.

అదే పార్కులో యుద్ధ స్మారకం, ఆరని జ్యోతి ఉన్నాయి. 1941లో మాస్కో దగ్గర జర్మన్ ట్యాంకులను ఆపారని చెప్పే, జనరల్ పన్‌ఫిలోవ్ దళంలోని 28 మంది సైనికుల పేరు మీదే ఈ పార్కు. ఆ కథలో పత్రికల కల్పన చాలా ఉందని 1948లో సోవియట్ ప్రాసిక్యూటర్లే తేల్చారు. అయితే ఈ ఊరి నుంచి వెళ్లి అక్కడ చనిపోయినవాళ్లు నిజం. పెళ్లయిన జంటలు నేరుగా ఇక్కడికొచ్చి పూలు పెట్టి ఫోటోలు దిగడం అక్కడి అలవాటు. మేం నిలబడి చూస్తుండగానే, తెల్లటి గౌను మీద మగవాళ్ల కోటు తొడుక్కున్న ఒక పెళ్లికూతురు వచ్చింది. మా చేత కూడా ఫోటో తీయించుకుంది.

చేతులు గడ్డకడితే పార్కు అంచునే సంగీత వాద్యాల మ్యూజియం ఉంది. అదీ జెంకోవ్ కట్టిన చెక్క భవనమే. రెండు తంతుల దోంబ్రా, గుర్రం వెంట్రుకల తంతులతో చేసిన కోబీజ్ అక్కడ చూడొచ్చు. అరగంట చాలు. కోట్లు కింద కౌంటర్లో ఇచ్చేయాలి. ఇది అక్కడ మ్యూజియంలో, థియేటర్లో, చాలా రెస్టారెంట్లలో కూడా పద్ధతి. కోటు వేసుకుని లోపల తిరిగితే మర్యాద తెలియనివాళ్ల కింద లెక్క. అందుకే లోపల వేసుకునే బట్టలు బాగుండాలి. హీటింగ్ కూడా విపరీతం, బయట మైనస్, లోపల మన ఏప్రిల్. ఒక్క లావుపాటి స్వెటర్ బదులు పలచటి పొరలు వేసుకుంటే తీసేయడం తేలిక.

అక్కడి నుంచి గ్రీన్ బజార్ నడిచి వెళ్లొచ్చు. సోమవారం మూసేస్తారు, చూసుకోండి. ఆ చుట్టుపక్కల చాక్లెట్ వాసన వస్తే ఆశ్చర్యపోకండి, రాఖాత్ చాక్లెట్ ఫ్యాక్టరీ ఊరి మధ్యలోనే ఉంది, పక్కన దుకాణం కూడా ఉంది. ఊళ్లోవాళ్లకి ఇచ్చే మిఠాయిలు అక్కడే కొనేయండి. బజార్లో ఎండు ఆప్రికాట్లు, వాల్‌నట్లు, ఎండుద్రాక్ష గుట్టలుగా పోసి ఉంటాయి. రుచి చూడమని చేతిలో పెడతారు. కూర్త్ అని తెల్లటి ఉండలుంటాయి, ఎండబెట్టిన పెరుగు. ఉప్పు ఎంతంటే, ఊరమిరపకాయ అలవాటున్న నాకే నోరు ముడుచుకుపోయింది. శాకాహారి ఉన్నారన్నారు కదా, మాంసం విభాగం వైపు వెళ్లకపోవడమే మంచిది. గుర్రం మాంసానికి వేరే వరుసే ఉంది. మా వారు కజీ అనే సాసేజ్ తిన్నారు, బాగుందన్నారు. నేను అడగలేదు, ఆయనే చెప్పారు.

ఆ మాంసం వరుసలకి కొద్ది దూరంలోనే కొరియన్ ఆడవాళ్లు సలాడ్లు అమ్ముతుంటారు. 1937లో స్టాలిన్ ప్రభుత్వం సోవియట్ తూర్పు కొసన ఉన్న కొరియన్లను రైళ్లలో కుక్కి ఇక్కడికి, ఉజ్బెకిస్తాన్‌కి పంపించేసింది. వాళ్ల కిమ్చీ పచ్చడికి కావాల్సిన నాపా క్యాబేజీ దొరకని చోట క్యారెట్ తురిమి, వెల్లుల్లి, ధనియాలు, మిరపపొడి, వెనిగర్ వేసి కలపడం మొదలుపెట్టారు. ఆ దేశమంతటా నాకు నచ్చిన తిండి అదే. వేడి రొట్టెతో తింటే పచ్చడి తిన్న తృప్తి. శాకాహారికి ఇది, గుమ్మడికాయ సంసా (మన సమోసా లాంటిదే, కాల్చి చేస్తారు), బౌర్సాక్ అనే వేయించిన పిండి ఉండలు, జార్జియన్ హోటళ్లలో చీజ్ రొట్టె, లోబియో అనే రాజ్మా లాంటి కూర, వాల్‌నట్ ముద్ద పెట్టిన వంకాయ దొరుకుతాయి. సంసా కొనేటప్పుడు మాత్రం అడగండి. గుమ్మడికాయలో గొర్రె కొవ్వు కలిపే అలవాటుంది. "బెజ్ మ్యాసా" అంటే మాంసం వద్దని అర్థమవుతుంది కానీ కొవ్వు, సూప్‌లో ఎముకల రసం వాళ్ల లెక్కలో మాంసం కాదు. వాటిని విడిగా అడగాలి. టీ గురించి బెంగ వద్దు. కజక్‌లు మనలాగే పాలు పోసుకుని తాగుతారు. ఎవరైనా ఇంటికి పిలిచి గిన్నెలో సగమే పోస్తే పిసినారితనం అనుకోకండి, మళ్లీ మళ్లీ పోస్తారు, అదే గౌరవం. నిండుగా పోశారంటే ఇక లేచి వెళ్లమన్నట్టు.

చీకటి తొందరగా పడుతుంది. 2024 మార్చి నుంచి దేశమంతటికీ ఒకే టైమ్ పెట్టారు, మనకంటే అరగంట వెనక. జనవరిలో అయిదింటికల్లా లైట్లు వెలుగుతాయి. కోక్‌తోబె కొండ మీద నలుగురు బీటిల్స్ విగ్రహాలున్నాయి, అందరూ పంపిస్తారు. మంచు రోజు వదిలేయండి. కింద ఊరు కనబడదు. దానికి బదులు మధ్యాహ్నం మూడింటికి అరసాన్ స్నానశాలకి వెళ్లండి. 1982లో కట్టింది, పార్కు పక్కనే. రష్యన్, ఫిన్నిష్, తూర్పు పద్ధతి ఆవిరి గదులు, గోపురం కింద పెద్ద చల్లటి నీళ్ల కొలను. ఇక్కడ ముందే తెలుసుకోవాల్సింది ఒకటుంది. ఆడవాళ్లు, మగవాళ్లు వేరువేరు, ఇద్దరూ రెండు గంటలు విడిపోవాలి. లోపల ఎవరి ఒంటి మీదా ఏమీ ఉండదు. నేను తువ్వాలు చుట్టుకుని మూల నిలబడితే ఒక పెద్దావిడ ఓక్ ఆకుల మండ పట్టుకుని వచ్చి, బల్ల మీద పడుకోమని సైగ చేసి, వీపంతా దబదబ బాదింది. అయ్యాక చల్లటి కొలను చూపించింది. సిగ్గుపడేంత తీరిక ఇవ్వలేదు. బయటికొచ్చేసరికి ఆ చలి మాకు చలిలా లేదు. బీపీ ఉన్నవాళ్లు, గర్భవతులు మాత్రం ఆ జోలికి పోకండి. జుట్టు పూర్తిగా ఆరకుండా బయటికి రావొద్దు, అక్కడ డ్రైయర్లుంటాయి.

సాయంత్రానికి అబాయ్ ఒపెరా థియేటర్. భవనం 1941 నాటిది. ప్రదర్శన రోజూ ఉండదు, టికెట్ ముందే చూసుకోండి. యూరప్ రేట్లతో పోలిస్తే చాలా తక్కువ. బ్యాలె అర్థం కావడానికి భాష అక్కర్లేదు. నేను థర్మల్స్ మీద పట్టుచీర కట్టుకుని వెళ్లాను. మా వారు వద్దన్నారు, టాక్సీ దిగి మంచులో కుచ్చిళ్లు ఎత్తి పట్టుకుని నడవడం కష్టమేనండి. కానీ కోటు తీసుకునే కౌంటర్ దగ్గర ఇద్దరు బామ్మలు చీర అంచు పట్టుకుని చూసి, రాజ్ కపూర్, మిథున్ అంటూ మా వారిని కూడా పలకరించారు. విరామంలో ఇంకొకరు వచ్చారు. మీ ఆవిడకి ఇష్టమైతే ఒక చీర సూట్‌కేసులో పెట్టుకోండి, బరువేముంది.

తిరిగేటప్పుడు మెట్రో ఎక్కండి. 2011లో మొదలైంది, ఒకటే లైను, తప్పిపోయే టెన్షన్ లేదు. బైకనూర్ స్టేషన్‌ని అంతరిక్షం థీమ్‌తో చేశారు, ఒకసారి దిగి చూడొచ్చు. రాత్రి టాక్సీ యాప్‌లోనే పిలవండి, రోడ్డు మీద ఆపితే రేటు వాళ్లిష్టం.

మర్నాడు మీ విమానం ఏ వేళకో రాయలేదు. సాయంత్రమైతే మటుకు కొండ వదులుకోనక్కర్లేదు. మంచు ఆగిన పొద్దున హోటల్ కజకిస్తాన్ ఎదురు స్టాప్‌లో 12 నంబర్ బస్సెక్కితే నేరుగా మెదేవు. అక్కడి ఐస్ రింక్ 1,691 మీటర్ల ఎత్తున ఉంది, రోప్‌వే ఆ పక్కనే. షింబులాక్‌లో ఒక గంట గడిపి మధ్యాహ్న భోజనానికి కిందికి వచ్చేయొచ్చు. బ్యాగులు హోటల్ రిసెప్షన్‌లో పెట్టుకోనిస్తారు, ముందురోజు రాత్రే అడిగి పెట్టుకోండి.