ఫోన్ల రూల్స్ రాయబోయే ముందు

చిరంజీవి అమ్మాయికి పెద్దమ్మ ఆశీస్సులు.

మీ స్కూల్లో ఫోన్లు, ఇంటర్నెట్ రూల్స్ రాసే పని నీ నెత్తిన పడిందని విన్నాను. పిల్లల జోలికి వెళ్లేముందు మన టీచర్ల సంగతి చూడు. రాత్రి తొమ్మిదింటికి క్లాసు వాట్సాప్ గ్రూపులో హోంవర్కు పెట్టేది మనమే, ఎప్పుడు చూసినా ఫోనే అని పొద్దున కేకలేసేదీ మనమే. అందుకని మొదటి రూల్ మనకే రాయి: బడి వదిలేలోపే హోంవర్కు డైరీలోకి ఎక్కాలి. స్టాఫ్‌రూమ్‌లో గొణుగుతారు. గొణగనీ.

ఫోన్లు అసలు తేవద్దని మాత్రం రాయకు. మన బెంగళూరు ట్రాఫిక్‌లో టిన్ ఫ్యాక్టరీ దగ్గర బస్సు ఇరుక్కుంటే కె.ఆర్.పురంలో తల్లులకి ఎంత టెన్షనో నీకు తెలుసు. వద్దంటే టిఫిన్ బ్యాగులో న్యాప్‌కిన్ కింద పెట్టుకొస్తారు, అంతే తేడా. 2025లో ఢిల్లీ హైకోర్టు కూడా పూర్తి నిషేధం మంచిదీ కాదు, సాగేదీ కాదంది. వీలైన చోట పొద్దున అప్పగించి సాయంత్రం తీసుకోవాలి, క్లాసులో వాడకూడదు అంది. అది మన కర్ణాటక తీర్పు కాకపోయినా కమిటీలో వాదించడానికి పనికొస్తుంది.

అప్పగించడం అనగానే ఓ అట్టపెట్టె తెచ్చి అన్నీ అందులో పడేస్తారు. సాయంత్రానికి ఒకడి స్క్రీన్ పగిలితే జవాబెవరు చెప్తారు? రోల్ నంబర్లు కుట్టిన గుడ్డ జేబులు ఓ గదిలో గోడకి వేలాడదీయించు. పిల్లలే స్విచాఫ్ చేసి పెట్టుకుంటారు. ఆ గది తాళంచెవి ఎవరి దగ్గరుంటుందో రూల్స్‌లోనే రాయి.

క్లాసులో పట్టుబడిన ఫోన్‌లో గ్యాలరీ, మెసేజీలు టీచరు తెరవకూడదు. అమ్మనో నాన్ననో పిలిచి చేతికివ్వాలి. ఎవరైనా పిల్లది అసభ్య ఫోటో తిరుగుతోందని తెలిస్తే మరీ జాగ్రత్త. ప్రూఫ్ కోసమంటూ ఏ టీచరూ దాన్ని తన ఫోనుకి పంపుకోకూడదు, ప్రిన్సిపల్‌కీ ఫార్వర్డ్ చేయకూడదు. ఐటీ చట్టం సెక్షన్ 67బి కింద అలా పంపడమే నేరం. ఆ ఫోను ప్రిన్సిపల్ గదిలో అప్పగించి పోలీసులకి చెప్పాలి. తెలిసీ చెప్పకపోతే పోక్సో, అంటే పిల్లల మీద లైంగిక నేరాల చట్టం కింద అదీ నేరమే. ఆ పిల్లని పదిమందిలో నిలబెట్టి అడగనివ్వకు. పిల్లల హెల్ప్‌లైన్ 1098 నంబరు నోటీసు బోర్డు మీద పెద్దక్షరాల్లో ఉండాలి.

యానివర్సరీ ఫోటోలు ఫేస్‌బుక్‌లో పెట్టేముందు ఐడీ కార్డు మీద పేరు, క్లాసు కనబడుతున్నాయేమో చూడండి. కొత్త యాప్ ఏదైనా వస్తే తల్లిదండ్రులని అడక్కుండా పిల్లల పేర్లు ఎక్కించొద్దు. 2023 వ్యక్తిగత డేటా రక్షణ చట్టం లెక్కలో 18 ఏళ్లలోపు వాళ్లంతా పిల్లలే.

మొత్తం రెండు పేజీలు దాటనివ్వకు. ఇంగ్లీషులో, కన్నడలో ఉంటే సరిపోదు. పేరెంట్స్ మీటింగ్‌లో మన చిత్తూరు, అనంతపురం వైపు తల్లులకి నువ్వే తెలుగులో చదివి వినిపించు, ఆ తర్వాతే సంతకం అడుగు. డ్రాఫ్టు అయ్యాక ప్రింటు తీసి ఆదివారం పట్టుకురా. ఫోన్‌లో పంపితే నా కళ్లకి ఆనదు.

మీ పెద్దమ్మ