పైకి విసిరిన రాయి లెక్కల గురించి

చిన్నా,

నువ్వు పంపిన లెక్కలన్నీ చూశాన్రా, ఫార్ములాలు బాగానే గుర్తున్నాయి, తేడా వస్తున్నదంతా సైన్ల దగ్గరే. రాయి పైకి వెళ్తుంటే జీ (భూమి లాగడం వల్ల వచ్చే యాక్సిలరేషన్, అంటే సెకను సెకనుకీ వేగం ఎంత మారుతుందో అది) మైనస్, కిందకొస్తుంటే ప్లస్ అనుకుంటూ ఒక్క లెక్కని రెండు ముక్కలు చేస్తున్నావ్, ముందు ఆ అలవాటు మానెయ్. పెన్ను పట్టుకోగానే ఓ బాణం గీసి పైకి ప్లస్ అని రాసుకో, లెక్క అయ్యేదాకా దాన్ని ముట్టుకోకు. అప్పుడు రాయి ఎటు పోతున్నా సరే యాక్సిలరేషన్ మొదట్నుంచీ చివరిదాకా మైనస్ 9.8 ఏ.

సెకనుకి 19.6 మీటర్ల వేగంతో నిట్టనిలువుగా విసిరామనుకో. ఒక సెకనుకి 9.8, రెండు సెకన్లకి సున్నా, మూడుకి మైనస్ 9.8, నాలుగు సెకన్లకి మళ్ళీ చేతికొచ్చేసరికి మైనస్ 19.6. సెకను సెకనుకీ 9.8 తగ్గుతూనే ఉంది, మధ్యలో ఎక్కడా బ్రేక్ లేదు. పై చివర వేగం సున్నా కాబట్టి యాక్సిలరేషన్ కూడా సున్నా అని రాశావే, అదే నిజమైతే రాయి గాల్లో అలాగే వేలాడుతూ ఉండిపోవాలి కదరా! డౌటుంటే వేగానికీ టైముకీ గ్రాఫ్ గీసి చూడు, ఒకటే తిన్నని గీత, సున్నా దాటేటప్పుడు కూడా దాని వాలు మారదు.

ఇక ఆ బెలూన్ లెక్క. సెకనుకి 10 మీటర్లతో పైకి పోతున్న బెలూన్ నుంచి 40 మీటర్ల ఎత్తులో రాయి వదిలారు అన్నాడు, నువ్వు "వదిలారు" అని చూడగానే మొదటి వేగం సున్నా వేసేశావ్. అప్పటిదాకా బెలూన్‌తో పాటు పైకి పోతున్న రాయికి చెయ్యి వదలగానే ఆ వేగం ఎక్కడికి పోతుంది? కాబట్టి అది ప్లస్ 10, నేల కిందుంది గనక స్థానభ్రంశం, అంటే వదిలిన చోటు నుంచి చేరిన చోటుకి తేడా, మైనస్ 40, జీ 10 అనుకుంటే టైము 4 సెకన్లు వస్తుంది. మైనస్ 2 కూడా వస్తుంది గానీ అది వదలకముందు సంగతి, కొట్టెయ్. నేలని తాకేటప్పుడు వేగం మైనస్ 30. నమ్మకం లేకపోతే ఇంకో దారిలో సరిచూసుకో, రాయి వదిలాక కూడా 5 మీటర్లు పైకెళ్ళి 45 మీటర్ల నుంచి పడుతుంది, అలా చేసినా 30 ఏ రావాలి.

బరువు ఎంతో ఇవ్వలేదని అడిగావు, అవసరం లేదు. 1971లో అపోలో 15లో వెళ్ళిన డేవిడ్ స్కాట్ చంద్రుడి మీద సుత్తినీ ఈకనీ ఒకేసారి వదిలితే రెండూ కలిసే నేలని తాకాయి, వీడియో ఉంది చూడు. అక్కడ గాలి లేదు మరి. ఇక్కడ గాలి ఉంది కాబట్టి ప్లాస్టిక్ బంతిని పైకి విసిరితే ఎక్కడానికి పట్టే టైము కంటే దిగడానికే ఎక్కువ పడుతుంది, ఎందుకంటే ఎక్కేటప్పుడు గాలి కూడా జీతో కలిసి కిందకే లాగుతుంది, దిగేటప్పుడేమో జీకి ఎదురు తిరుగుతుంది. నీ పరీక్షలో గాలిని పట్టించుకోవద్దనే ఇస్తార్లే.

మిగతా మూడు లెక్కలూ బాణం గీసి మళ్ళీ చేసి పంపు.

మీ బాబాయ్