ఏ ప్రొటీన్ ఉండాలో, ఏది పోవాలో కణానికి ఎలా తెలుస్తుంది?

ప్రశ్న: మా మామగారికి మల్టిపుల్ మైలోమా (ఒక రకం రక్త క్యాన్సర్) అని తేలింది. బోర్టెజోమిబ్ ఇంజెక్షన్లు ఇస్తున్నారు. కణంలో ప్రొటీన్లు ముక్కలు కాకుండా ఆ మందు ఆపుతుందని డాక్టరుగారు చెప్పారు. అసలు ఏ ప్రొటీన్‌ను ముక్కలు చేయాలో కణానికి ఎలా తెలుస్తుంది? దాన్ని ఆపితే జబ్బు ఎందుకు తగ్గుతుంది?
– ఒక పాఠకురాలు, గుంటూరు

జవాబు: మొదటి ప్రశ్నకు జవాబు తెలిస్తే రెండోది సులువవుతుంది. ప్రొటీన్లను ముక్కలు చేసే ప్రొటియసోమ్ పీపా ఆకారంలో ఉంటుంది. కోసే భాగాలన్నీ దాని లోపలి గోడల మీదే ఉంటాయి కనుక దారిన పోయే ప్రొటీన్ పొరపాటున వాటికి చిక్కదు. లోపలికి వెళ్లాలంటే చాలావరకు ఒక గుర్తు ఉండాలి. 76 అమైనో ఆమ్లాల చిన్న ప్రొటీన్ అయిన యుబిక్విటినే ఆ గుర్తు.

ఈ గుర్తును వేయడానికి మూడు రకాల ఎంజైములు వరుసగా పని చేస్తాయి. ఈ1 కణానికి ఇంధనంలాంటి ఏటీపీని ఖర్చు చేసి యుబిక్విటిన్‌ను సిద్ధం చేస్తుంది, ఈ2 దాన్ని అందుకుంటుంది, ఈ3 దాన్ని లక్ష్య ప్రొటీన్‌లోని లైసీన్ అనే అమైనో ఆమ్లానికి తగిలేలా చేస్తుంది. మనిషిలో ఈ1లు రెండే, ఈ2లు నలభై దాకా ఉంటాయి, ఈ3లు మాత్రం ఆరు వందలకు పైమాటే. ఎంపిక చేసే భారం ఎవరిదో ఈ లెక్కే చెబుతుంది. మీ ఊరి మిర్చి యార్డులో హమాలీ టిక్కీ (బస్తా) విప్పి సరుకు చూడడు, పైనున్న గుర్తును బట్టి మోస్తాడు. ప్రొటియసోమ్ తీరూ అదే, సరుకు చూసేది ఈ3.

ఈ3 దేన్ని చూస్తుందన్నది ఒక్కో ఈ3కి ఒక్కో రకంగా ఉంటుంది. సరిగా మడతపడని ప్రొటీన్‌లో, లోపల దాగి ఉండవలసిన నీటికి పొసగని భాగాలు పైకి తేలతాయి. వాటిని పట్టుకుని మడత సరిచేయబోయిన సహాయక ప్రొటీన్లు విఫలమైతే, వాటి వెంటే ఉండే ఈ3 గుర్తు వేస్తుంది. కొన్నిటికి మొదటి అమైనో ఆమ్లమే ఆయుష్షును నిర్ణయిస్తుంది: ఈస్టులో ఒకే ప్రొటీన్ మెథియోనిన్‌తో మొదలైతే దాని అర్ధాయువు (సగం నశించడానికి పట్టే కాలం) 20 గంటలకు మించిందనీ, ఆర్జినిన్‌తో మొదలైతే దాదాపు 2 నిమిషాలేననీ 1986లో అలెగ్జాండర్ వార్షావ్‌స్కీ బృందం చూపింది.

అయితే పాడైనవాటికే గుర్తు పడుతుందనుకోవడం సరికాదు. హిఫ్-1 ఆల్ఫా అనే ప్రొటీన్‌లో లోపమేమీ ఉండదు, అయినా తయారైన కొద్ది నిమిషాల్లోనే పోతుంది. కణంలో ఆక్సిజన్ సరిపడా ఉన్నప్పుడు దానిలోని ప్రోలీన్ అనే అమైనో ఆమ్లానికి ఒక ఎంజైమ్ హైడ్రాక్సిల్ గుంపును చేరుస్తుంది, వీహెచ్ఎల్ అనే ప్రొటీన్ ఉన్న ఈ3 ఆ చిన్న మార్పునే పసిగడుతుంది. ఆక్సిజన్ తగ్గితే ఆ మార్పు జరగదు, గుర్తు పడదు, హిఫ్ నిలిచి ఎర్ర రక్తకణాలను పెంచే జన్యువును మేల్కొలుపుతుంది. అంటే ఇక్కడ విధ్వంసమే కొలమానంగా పనిచేస్తున్నదన్నమాట. ఈ వ్యవస్థలో నాకు అన్నిటికన్నా ఆశ్చర్యం కలిగించేది ఇదే.

ఒక్క యుబిక్విటిన్ సాధారణంగా చాలదు. మొదటిదాని 48వ లైసీన్‌కు మరొకటి, దానికి ఇంకొకటి చొప్పున కనీసం నాలుగైనా గొలుసుగా చేరితే ప్రొటియసోమ్ మూతభాగం గట్టిగా పట్టుకుంటుంది. ఆపైన యుబిక్విటిన్లను ఊడదీసి మళ్లీ వాడకానికి వదిలి, ఏటీపీ బలంతో ప్రొటీన్ మడతలు విప్పి, పీపాలోకి లాగుతుంది. పేగుల్లో ప్రొటీన్ జీర్ణం కావడానికి ఏటీపీ అక్కర్లేదు, మరి కణంలో ఎందుకు కావాలన్న చిక్కుముడిని విప్పబోయి ఈ గుర్తును కనుగొన్న ఆరన్ సీకనోవర్, అవ్రామ్ హెర్ష్‌కో, ఇర్విన్ రోజ్‌లకు 2004లో రసాయనశాస్త్ర నోబెల్ దక్కింది.

ఇక మీ మామగారి మందు సంగతి. మైలోమా కణాలు యాంటీబాడీ ప్రొటీన్లను అదేపనిగా తయారుచేస్తాయి కనుక వాటిలో మడత చెడినవీ ఎక్కువే. బోర్టెజోమిబ్‌లోని బోరాన్ ప్రొటియసోమ్ కోసే చోట అతుక్కోగానే ఆ చెత్త కదలక పేరుకుపోతుంది, కణం తట్టుకోలేక చచ్చిపోతుంది. మామూలు కణాల్లోనూ ప్రొటియసోమ్ ఉంటుంది కనుక మందు దెబ్బ వాటికీ కొంత తగులుతుంది. అరికాళ్లలో, వేళ్లలో తిమ్మిరి, మంట మొదలైతే పెద్దవయసని సరిపెట్టుకోకుండా తరువాతి ఇంజెక్షన్‌కు ముందే చెప్పండి. మోతాదు తగ్గించడానికో, ఎడం పెంచడానికో వీలుంటుంది. గ్రీన్ టీలోని ఒక పదార్థం ఈ బోరాన్‌తోనే కలిసిపోయి మందును పనిచేయనివ్వదని ఎలుకలపై ప్రయోగాల్లో తేలింది కనుక, వారికి ఆ అలవాటుంటే డాక్టరుగారిని అడిగే కొనసాగించండి.