డబ్బా మీద ఏం రాసుందో ముందు చదువు

చి. అమ్మడికి,
పెద్దమ్మ ఆశీస్సులు.

నువ్వు పంపిన ఫొటోలు చూశాను. తెల్ల కాటన్ టాప్ మీద గోడ రంగు, జీన్స్ మోకాలి దగ్గర గేటుకు వేసిన ఆకుపచ్చ రంగు, పట్టు చున్నీ అంచున చిన్న చుక్క. మూడూ ఆరిపోయాయి, మూడింటినీ ఒకే బకెట్లో వేసి వేడినీళ్ళు పోయనా అని అడిగావు. వద్దు తల్లీ. ఉత్తరం మొత్తం చదివేదాకా వాటిని అలాగే పక్కన పెట్టు. ఎటూ ఆరిన మరకే కాబట్టి ఇంకో పూట ఆగితే వచ్చే నష్టం తక్కువ. తొందరపడి వేడినీళ్ళు పోస్తే మాత్రం ఆ నష్టం పూడ్చలేం.

మీ పెదనాన్న ఇళ్ళకు రంగులు వేసే పనిలో ఉన్నన్నాళ్ళూ ఆయన బట్టలు ఉతికింది నేనే. ఏ రంగు దేనికి లొంగుతుందో నాకు అక్కడే తెలిసింది. ఆయన ఎప్పుడూ ఒకే మాట అనేవారు: బ్రష్షుని దేనితో కడుగుతామో, ఆరకముందు బట్ట మీద మరక కూడా దానికే వదులుతుంది. అందుకే మరక చూడగానే సబ్బు కోసం వెతకొద్దు, రంగు డబ్బా కోసం వెతుకు. బ్రష్షులు నీళ్ళతో కడగమని దాని మీద ఉంటే అది నీళ్ళ రంగు. గోడలకు వేసే ఎమల్షన్, డిస్టెంపర్ ఈ జాతివే. టర్పెంటైన్‌తోనో థిన్నర్‌తోనో కడగమని ఉంటే అది నూనె రంగు. గేట్లకు, కిటికీ ఊచలకు వేసే ఎనామిల్ ఎక్కువగా ఇదే. ఈమధ్య నీళ్ళలో కలిపే ఎనామిల్ కూడా వస్తోంది, కాబట్టి పేరు చూసి అనుకోవద్దు, డబ్బా మీద చదివే తేల్చుకో.

డబ్బా పారేశారనుకో, ఇంట్లో శానిటైజర్ ఉంటుంది కదా. తెల్ల దూది మీద కొంచెం వేసుకుని, ఆరిన మరక మీద ఒక్క చోట అరనిమిషం అదిమిపెట్టి రుద్దు. దూదికి రంగు అంటుకుని, మరక జిగురుగా మారితే అది నీళ్ళ రంగు. ఎంత రుద్దినా దూది తెల్లగానే ఉంటే చాలావరకు నూనె రంగే. ఈ పరీక్ష కూడా ముందు బట్ట లోపలి కుట్టు దగ్గర చెయ్యి. కొన్ని అద్దకపు బట్టల్లో శానిటైజర్‌లో ఉండే స్పిరిట్ తగలగానే బట్ట రంగే దిగిపోతుంది. దూదికి అంటింది గోడ రంగో, చీర రంగో తెలియకపోతే పరీక్ష చేసి లాభం లేదు.

వేడినీళ్ళు ఎందుకు వద్దన్నానో చెబుతాను. గోడ రంగులో కంటికి కనిపించనంత చిన్న ప్లాస్టిక్ రేణువులు నీళ్ళలో తేలుతూ ఉంటాయి. నీళ్ళు ఆవిరైపోగానే అవి ఒకదానికొకటి అతుక్కుని పొరలా గట్టిపడతాయి. గోడ తుడిచినా రంగు పోనిది అందుకే. వేడి తగిలితే ఆ రేణువులు మెత్తబడి ఇంకా గట్టిగా కలిసిపోతాయి, నూలు పోగుల సందుల్లోకి దిగుతాయి. మరక పోయిందని కళ్ళారా చూసుకునేదాకా ఇస్త్రీ పెట్టొద్దు, డ్రయ్యర్‌లో వెయ్యొద్దు, మండుటెండలో ఆరెయ్యొద్దు. నా చేతికొచ్చి, ఇక పనికిరావని పక్కన పెట్టిన బట్టల్లో చాలావాటికి రంగు కంటే ఇస్త్రీయే శత్రువు అయింది.

ఇంకోసారి రంగు తడిగా ఉండగానే చూశావంటే, అప్పుడు మాత్రం పరుగే. గోడ రంగు అయితే ముందు చెంచాతో, మరక అంచు నుంచి మధ్యకి, పైన ఉన్నదంతా ఎత్తెయ్యి. తర్వాత బట్ట తిరగేసి, మరక వెనక వైపు నుంచి కుళాయి ధార పట్టు. ఎదర నుంచి పడితే రంగుని నువ్వే లోపలికి తోసినట్టు. వెనక నుంచి పడితే వచ్చిన దారినే బయటికి పోతుంది. నీళ్ళు తేటగా దిగేదాకా పట్టి, గిన్నెలు తోమే లిక్విడ్ రెండు చుక్కలు వేసి వేళ్ళతో నలిపి జాడించు. వెంటనే ఉతికే వీలు లేకపోతే తడిబట్ట చుట్టి ప్లాస్టిక్ కవర్లో పెట్టు, ఆరకుండా ఉంటే చాలు.

ఇక నీ తెల్ల టాప్ సంగతి. ఓపిక కావాల్సింది దీనికే. కాటన్, పైగా తెల్లది కాబట్టి అద్దకం దిగుతుందన్న భయం లేదు. ముందు పొడిగా ఉండగానే బట్ట చేతిలో బిగించి పట్టుకుని, మొండి చాకు వీపుతో మెల్లగా గీకు. పైపైన ఉన్న పెచ్చులు రాలిపోతాయి. అవి రాలకుండా స్పిరిట్ పోస్తే పైపొరకే సరిపోతుంది, నూలు దాకా దిగదు. తర్వాత మరక కింద పాత తువ్వాలు మడతపెట్టి, మరక మొఖం కిందికి ఉండేట్టు బోర్లా పరుచు. వెనక వైపు నుంచి శానిటైజర్ గానీ, మందుల షాపులో దొరికే ఐసోప్రొపైల్ ఆల్కహాల్ గానీ బాగా తడిసేలా వేసి ఐదు నిమిషాలు వదిలెయ్యి. ఆరిపోతున్నట్టు కనిపిస్తే మళ్ళీ వేస్తూ ఉండు. ఆ తర్వాత చూస్తే పొర నానిన తోలులా మెత్తబడి, గోటితో తాకితే సాగుతుంది. పాత టూత్‌బ్రష్‌తో చిన్నచిన్నగా రుద్దితే సన్నటి ఉండలుగా లేచి వస్తుంది. ఆ ఉండల్ని అక్కడే వదిలేస్తే మళ్ళీ అంటుకుంటాయి, ఎప్పటికప్పుడు తడిబట్టతో ఎత్తెయ్యి. కింద తువ్వాలు కూడా రంగు అంటినప్పుడల్లా జరుపుతూ, మరక కిందికి శుభ్రమైన చోటు తెస్తూ ఉండు. తువ్వాలు జరపకపోతే దిగిన రంగే మళ్ళీ పైకి ఎక్కుతుంది. చాలామంది ఇక్కడే విసిగిపోయి, ఇది పోదులే అనేస్తారు.

ఒక్కసారికే అంతా పోదు. గీకడం, తడపడం, రుద్దడం మళ్ళీ మళ్ళీ చెయ్యాలి. పొర అంతా పోయాక లిక్విడ్ సోపు వేసి చన్నీళ్ళతో ఉతికి, నీడన ఆరెయ్యి. ఆరాక వెలుతురులో పట్టి చూడు. తడి మీద కనిపించని మరక ఆరాక బయటపడుతుంది. అప్పుడూ ఏమీ కనిపించకపోతేనే ఇస్త్రీ.

తెల్లది కదా, బ్లీచ్ వేసేస్తే పోదా అంటావు. పోదు. తెల్ల రంగుకి తెలుపునిచ్చేది టైటానియం డయాక్సైడ్ అనే ఖనిజపు పొడి. దాన్ని బ్లీచ్ ఏమీ చెయ్యలేదు, దాన్ని పట్టి ఉంచిన ప్లాస్టిక్ పొరనూ కరిగించదు. నీ టాప్ నూలు మాత్రం నీరసపడుతుంది. అంతకంటే ముఖ్యమైనది ఇంకోటి: శానిటైజర్, నెయిల్ పాలిష్ రిమూవర్, వెనిగర్, అమ్మోనియా ఉన్న క్లీనర్లు, వీటిలో దేనితోనూ బ్లీచ్ కలవకూడదు. వెనిగర్‌తో కలిస్తే క్లోరిన్ గాలి పుడుతుంది, మిగతావాటితోనూ ఒంటికి చెరుపు చేసే ఆవిర్లే వస్తాయి. కిటికీలు మూసిన బాత్రూమ్‌లో అది ప్రాణం మీదికి తెస్తుంది. ఈ ఒక్క విషయంలో నా మాట దాటొద్దు.

ఇప్పుడు జీన్స్. గేటు రంగు కాబట్టి, డబ్బా మీద నూనె రంగనే ఉంటుందనుకుని చెబుతున్నాను. నూనె రంగు ఆరే పద్ధతే వేరు. అందులోని నూనె గాలిలోని ఆక్సిజన్‌తో కలిసి రోజుల తరబడి గట్టిపడుతూనే ఉంటుంది. పైకి ఆరినట్టు కనిపించినా లోపల ఇంకా కొన్నాళ్ళు పచ్చిగానే ఉండొచ్చు. నిన్నటి మరకకి, నెల కిందటి మరకకి అంత తేడా అందుకే. నీది కొత్తదే కాబట్టి ఆశ ఉంది, కానీ వచ్చే ఆదివారం దాకా ఆగకు.

దీన్ని నీళ్ళతో తడపొద్దు. పొడిగా గీకి, కింద పాతబట్ట వేసి, టర్పెంటైన్‌లో ముంచిన తెల్ల గుడ్డ ముక్కతో వెనక నుంచి అద్దుతూ ఉండు. అద్దడమే, రుద్దడం కాదు. జీన్స్‌కి నీలం రంగు దారం పైపైనే ఉంటుంది, గట్టిగా రుద్దితే అక్కడ తెల్లటి చార పడిపోతుంది. ఆకుపచ్చ పోయి తెలుపు వచ్చి ఏం లాభం? గుడ్డ రంగు పట్టగానే కొత్త ముక్క తీసుకో. మరక పల్చబడ్డాక, తడిపే ముందే ఆ చోట లిక్విడ్ సోపు నేరుగా పట్టించి నలుపు. టర్పెంటైన్ జిడ్డు వదిలించేది ఆ సోపే. తర్వాత గోరువెచ్చటి నీళ్ళతో జాడించు. కిరసనాయిలు వాడేవాళ్ళూ ఉన్నారు. పనిచేస్తుంది గానీ వాసన, జిడ్డు వదలడానికి తల ప్రాణం తోకకొస్తుంది. పెట్రోలు మాత్రం ముట్టుకోవద్దు. దాని ఆవిరికి ఎక్కడో మూలనున్న నిప్పురవ్వ చాలు.

టర్పెంటైనూ మండేదే. కాబట్టి వంటింట్లో కాదు, బాల్కనీలోనో పెరట్లోనో కూర్చుని చెయ్యి. చేతులకు రబ్బరు తొడుగులు వేసుకో, చర్మం పగిలి మంటపెడుతుంది. టర్పెంటైన్ వాసన ఉన్న బట్టని తిన్నగా వాషింగ్ మెషీన్లో వెయ్యకు. ముందు గాలికి ఆరేసి, చేత్తో సబ్బు పెట్టి ఉతికి, వాసన పూర్తిగా పోయాకే మెషీన్. డ్రయ్యర్ వైపు చూడనే వద్దు. మిగిలిన టర్పెంటైన్ సింకులో పారబోయకు. మూత ఉన్న సీసాలో పోసి కదలకుండా ఉంచితే రంగు అడుక్కి దిగి, పైన తేట మిగులుతుంది. ఆ తేట వంపుకుని మళ్ళీ వాడుకోవచ్చు. రంగులేసేవాళ్ళు బ్రష్షులు కడిగేది అలాంటి తేటతోనే.

నెయిల్ పాలిష్ రిమూవర్ గురించి కూడా అడిగావు. అందులో అసిటోన్ ఉంటే అది రెండు జాతుల రంగుల్నీ మెత్తబరుస్తుంది, స్ప్రే రంగు మీద కూడా చాలాసార్లు అదే పనిచేస్తుంది. కానీ బట్ట లోపలి చీటీ చదవకుండా వాడొద్దు. దాని మీద అసిటేట్ అనో, ట్రై అసిటేట్ అనో, మోడక్రిలిక్ అనో ఉంటే, మరకతో పాటు బట్టా కరిగి అక్కడ బొక్క పడుతుంది. కోట్లకు, గౌన్లకు లోపల వేసే నున్నటి లైనింగ్ అసిటేట్ కావచ్చు, పైబట్ట కాటన్ కదా అని మోసపోవద్దు. నీ జీన్స్‌కి ముందు టర్పెంటైన్ చాలు, అసిటోన్ దాకా వెళ్ళనక్కర్లేదు.

చున్నీ దగ్గర నువ్వేమీ చెయ్యకు. పట్టు తడిస్తే నీరసపడుతుంది, రుద్దితే పోగులు లేచి మెరుపు పోతుంది. ఆ మెరుపు మళ్ళీ రాదు. చుక్క ఉన్న చోట దారం కట్టి గుర్తు పెట్టి డ్రై క్లీనింగ్‌కి ఇవ్వు. ఏ రంగు పడిందో, ఎప్పుడు పడిందో చెప్పు, డబ్బా ఫొటో చూపిస్తే ఇంకా మంచిది. సగం రుద్ది పాడుచేసిన దాని కంటే ముట్టని మరకనే వాళ్ళు బాగా తియ్యగలరు. ఉన్ని బట్టలకూ ఇదే మాట.

పిల్లల పోస్టర్ కలర్లకి, వాటర్ కలర్లకి ఇంత హంగామా అక్కర్లేదు, చన్నీళ్ళు, సబ్బు చాలు. సున్నం పడితే ఆరనిచ్చి దులిపి, వెనిగర్‌లో నీళ్ళు కలిపి అద్దితే కరుగుతుంది. బట్టల మీద బొమ్మలు వేసే ఫాబ్రిక్ రంగు, ఇస్త్రీ చేశాక ఇక పోదు, అది అందుకోసమే చేసింది. రెండు డబ్బాలు కలిపి వేసే చెక్క పాలిష్, ఎపాక్సీ రంగులు కూడా ఒకసారి గట్టిపడితే ఇంట్లో ఉన్న దేనికీ లొంగవు. అలాంటి బట్టని రంగులు వేసేటప్పుడు కట్టుకోవడానికి ఉంచుకో, దాని మీద నీ శ్రమ వృథా చేసుకోకు.

చివరిగా, పని అయ్యాక ఆ గుడ్డ ముక్కల్ని ఉండచుట్టి చెత్తబుట్టలో పడెయ్యకు. నూనె రంగు గాలితో కలిసి గట్టిపడేటప్పుడు వేడి పుడుతుందన్నమాట. ఉండలా ఉంటే ఆ వేడి బయటికి పోలేక లోపలే పెరిగి, అగ్గిపుల్ల అవసరం లేకుండానే అంటుకుంటుంది. ఒక్కో ముక్కా విడదీసి, బయట సిమెంటు గచ్చు మీద ఒకదాని మీద ఒకటి పడకుండా పరుచు. గట్టిగా బిరుసెక్కాక పారెయ్యి. ఆరేసే చోటు లేకపోతే నీళ్ళు నింపిన రేకు డబ్బాలో ముంచి మూత పెట్టు.

జీన్స్ ముందు మొదలుపెట్టు, దానికే టైమ్ తక్కువ. టాప్ రేపైనా చేసుకోవచ్చు. ఎక్కడైనా ఆగిపోతే మరక వెనక వైపు కూడా ఫొటో తీసి పంపు, అది చూస్తేనే రంగు ఎంత లోపలికి దిగిందో నాకు తెలుస్తుంది.

నీ
పెద్దమ్మ