పెదాలతో బుర్రుమంటే అదీ ఒక అక్షరమేనా?

ప్రశ్న: మేష్టారూ, మా మనవడికి ఏడో నెల. పొద్దస్తమానం పెదాలు వణికిస్తూ బుర్రుబుర్రుమంటాడు, మా ఆవిడేమో వానొస్తుంది బట్టలు తియ్యండి అంటుంది. ఈ చప్పుడుతో మాట్లాడే భాష ఒకటుందని మా అబ్బాయి ఫోన్‌లో చూసి చెప్పాడు, ఆస్ట్రో ఏదో అన్నాడు. మన కొండల్లోని సవర భాషనీ అలాగే అంటారు కదా, రెండూ చుట్టాలా?
– ఓ పాఠకుడు, ఆమదాలవలస

జవాబు: మీ అబ్బాయి చెప్పింది నిజమే. పాపువా న్యూగినీలో మనూస్ అనే దీవి ఉంది, అక్కడి కేలే, టిటాన్ భాషల్లో ఆ చప్పుడు మన క, గ లాగే మాటలో భాగం. టిటాన్‌లో ఎలుకని దాదాపు ‘మ్బ్ర్రులేయ్’ అంటారు, కాకపోతే ఆ ‘ర్ర్’ దగ్గర నాలుక కదలకూడదు, పెదాలే కొట్టుకోవాలి. మన లిపిలో ఇంతకంటే దగ్గరగా రాయడం నా వల్ల కాలేదు.

ఒకసారి ‘మ్బు’ అని చూడండి. పెదాలు మూసుకుంటాయి, బ దగ్గర వాటి వెనక గాలి బిగుస్తుంది, ఉ కోసం పెదాలు ముందుకొచ్చి సన్న సందే మిగులుతుంది, అందులోంచి గాలి తోసుకొచ్చేసరికి పెదాలు వదులుగా ఉంటే టపటపా కొట్టుకుంటాయి. అందుకే ఈ ధ్వని ఎక్కువగా ఉకారం ముందే వినిపిస్తుంది. అదే ‘అ’ అయితే నోరు బార్లా తెరుచుకుంటుంది, ఇంక వణకడానికేముంది! నేను విజయనగరం కాంప్లెక్స్‌లో బస్సు కోసం నిలబడి సాధన చేస్తే పక్కాయన చలేస్తోందా అని అడిగాడు, మే నెలలో.

దీనికి నాలుకతో పలికే జోడీ కూడా ఉంది. ‘ఆంధ్ర’లో ఆ తీసేసి, ధని ఒత్తకుండా ద అనేసి, ర గట్టిగా దొర్లిస్తే అదే. కేలేలో ఎముకని ‘న్ద్రువిన్’ లాగా అంటారు.

చుట్టరికం మాత్రం లేదండి, పేర్లే కలిశాయి. ‘ఆస్ట్రో’ అంటే దక్షిణం, అంతే. కేలే, టిటాన్‌లది ఆస్ట్రోనేషియన్ కుటుంబం, మలయ్, హవాయియన్, మడగాస్కర్ వాళ్ల మలగాసీ అందులోవే. సవరది ఆస్ట్రోఏషియాటిక్, సంతాలీ, ముండారీ, అంత దూరాన కంబోడియా వాళ్ల ఖ్మేర్ దాని బంధువులు. సవరలో పెదాల వణుకు లేదు గానీ గొంతులో గాలిని టక్కున ఆపే ధ్వని ఉంది. మన జిల్లాలోనే పుట్టిన గిడుగు రామమూర్తి గారు ఆ భాష నేర్చుకుని, 1931లో వ్యాకరణం, 1938లో సవర–ఇంగ్లీషు నిఘంటువు తెచ్చారు. మనూస్ దాకా పోలేం గానీ పాలకొండ మీదుగా సీతంపేట ఎంత దూరం, ఓ సంత రోజున వెళ్లి చెవులారా వినండి.